బండి ఆపే పిడి ఏది?

మిరప కోతల కాలం. పర్చూరు నుంచి చిలకలూరిపేట పోయే దారిలో ఒక ఊరు. అంతా నల్లరేగడి నేల. ఒక పక్క పత్తి కట్టె నిలబడి ఉంది. ఒక పక్క మిరప ఎర్రగా పండి ఉంది. వాగు గట్టున పాత ట్రాక్టరు ఒకటి నిలిపి ఉంది. బండి కదలడం లేదు. ఇంజను మాత్రం తిరుగుతోంది. బండి వెనక పంపు బిగించారు. పంపు వాగులో నీళ్లు తోడి కింది మడికి పోస్తోంది.

ఇంటాయన గోతాల కోసం మోటారు సైకిలు మీద పేట వెళ్లాడు. "గంటలో వస్తా. దాని పని అది చేసుకుంటది" అని చెప్పి పోయాడు. పై మడిలో అత్త, కోడలు కాయలు కోస్తున్నారు.

కాసేపటికి కోడలికి కాలిన రబ్బరు వాసన వచ్చింది. తలెత్తి చూసింది. బండి ముందు నుంచి పొగలాగా ఆవిరి లేస్తోంది. పరుగెత్తుకుంటూ వెళ్లింది. స్టీరింగు ముందు రేకు మీద ఎర్రదీపం ఒకటి వెలుగుతోంది. పక్కన ఉన్న మీటరులో ముల్లు ఎర్రగీత దాటి ఉంది.

"తాళం తియ్యవే! తాళం తీస్తే ఆగిద్ది!" అని అత్త గట్టు మీద నుంచి కేక వేసింది.

కోడలు తాళం తిప్పింది. బయటికి లాగింది. ఎర్రదీపం ఆరిపోయింది. ఇంజను మాత్రం ఆగలేదు.

"అత్తా, ఆగట్లా!"

రేకు మీద ఇంకా ఏడెనిమిది పిడులు, మీటలు ఉన్నాయి. వాటి మీద అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. ఏది లాగితే ఏమవుతుందో తెలియదు. ఒకటి నొక్కింది. హారను కూడా మోగలేదు, తాళం తీసేసింది కదా. ఇంకొకటి తిప్పింది. ఏమీ కాలేదు. ఇంతలో పక్క చేలో మందు కొట్టే కుర్రాడు కేకలు విని వచ్చాడు. స్టీరింగు కింద, మోకాలి దగ్గర ఉన్న నల్ల పిడిని పట్టుకుని బయటికి లాగాడు. ఇంజను రెండుసార్లు కుదుపు ఇచ్చి ఆగిపోయింది.

బండికి ఫ్యాను బెల్టు తెగింది. ఇంకొంచెం సేపు తిరిగి ఉంటే ఇంజను పట్టేసేది. అంటే లోపలి పిస్టన్లు వేడికి ఉబ్బి బిగుసుకుపోయేవి. అప్పుడు మిరప మీద వచ్చిన డబ్బులో చాలా భాగం షెడ్డుకే పోయేది.

రాత్రి ఇంటాయన తల పట్టుకున్నాడు. "ఆడోళ్లకు ఎందుకులే అని చూపించలా" అన్నాడు. అత్త ఊరుకోలేదు. "బండి కొన్న అప్పు కాయితం మీద మాత్రం ఆడోళ్ల వేలిముద్ర కావాల్సి వచ్చిందే" అంది. ఆ మాట నిజమే. ఇప్పుడైతే ఆమె వేలిముద్ర వేయదు, సంతకం పెడుతుంది.

తాళం తీస్తే ఎందుకు ఆగలేదు?

మోటారు సైకిలు పెట్రోలుతో నడుస్తుంది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టాలి. ఆ రవ్వకు కరెంటు కావాలి. తాళం తీస్తే కరెంటు పోతుంది, ఇంజను ఆగుతుంది. ట్రాక్టరు డీజిలుతో నడుస్తుంది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. లోపల గాలిని గట్టిగా నొక్కితే అది బాగా వేడెక్కుతుంది. ఆ వేడిలోకి డీజిలు చిమ్మితే దానంతట అదే మండుతుంది. కాబట్టి ఒకసారి మొదలైన ఇంజనుకు కరెంటుతో పని లేదు. డీజిలు అందినంత సేపు తిరుగుతూనే ఉంటుంది.

దాన్ని ఆపాలంటే డీజిలు ఆపాలి. పాత ట్రాక్టర్లలో ఇందుకు ఒక లాగుడు పిడి ఉంటుంది. దీన్నే స్టాపు పిడి, స్టాపు వైరు అంటారు. పిడి వెనక సైకిలు బ్రేకు వైరు లాంటి గట్టి ఇనుప వైరు ఉంటుంది. అది డీజిలు పంపు దాకా పోతుంది. పిడి లాగితే పంపు డీజిలు ఇవ్వడం మానేస్తుంది. ఇంజను పూర్తిగా ఆగేదాకా పిడిని లాగి పట్టుకోవాలి. ఆగిన తర్వాత మళ్లీ లోపలికి నెట్టాలి. నెట్టడం మరిచిపోతే తెల్లారి బండి స్టార్టు కాదు. సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. ఇంత చిన్న సంగతికి మెకానిక్కును పిలిపించి డబ్బులిచ్చిన వాళ్లు చాలామంది ఉన్నారు. మెకానిక్కు పిడిని లోపలికి నెట్టి పోతాడు.

తర్వాత వచ్చిన బండ్లలో చాలావాటికి తాళంతోనే డీజిలు ఆగే ఏర్పాటు ఉంది. అందుకే ఒక బండి తెలిసినంత మాత్రాన ఇంకో బండి తెలిసినట్టు కాదు.

ఒక్కో బండికి ఒక్కో రకం ఎందుకు?

మన దేశంలో ట్రాక్టర్ల తయారీ 1959లో మొదలైంది. ఢిల్లీ దగ్గర ఫరీదాబాదులో ఐషర్ కంపెనీ ఆ పని చేసింది. దానికి జర్మనీ వాళ్ల సాయం ఉంది. 1960లో మద్రాసులో టాఫే కంపెనీ వచ్చింది. మాసీ ఫెర్గూసన్ బండ్లు తయారు చేసింది. హెచ్.ఎం.టి. ట్రాక్టర్లకు చెకోస్లోవేకియా దేశపు జెటార్ బండి మూలం. 1974లో పంజాబులో స్వరాజ్ బండి వచ్చింది. అది మన దేశపు ఇంజనీర్లు గీసుకున్న బండి. ఇలా ఒక్కొక్కటి ఒక్కొక్క దేశం నుంచి, ఒక్కొక్కరి చేతి నుంచి వచ్చింది. ఎవరికి అనువైన చోట వాళ్లు మీటలు పెట్టారు. కార్లలోనూ ఇంతే. 2014 దాకా తయారైన అంబాసిడర్ కారునే తీసుకోండి. దాని పాత బండ్లలో లైటు డిప్పు కొట్టే మీట చేతి దగ్గర ఉండేది కాదు, ఎడమ కాలి కింద ఉండేది. కొత్తగా ఎక్కిన డ్రైవరు చీకట్లో రేకంతా తడుముకునేవాడు.

మీటలు ఎక్కడ ఉన్నా, వాటి మీద బొమ్మలు మాత్రం ఒకే రకంగా ఉండాలని తర్వాత అనుకున్నారు. ఐ.ఎస్.ఓ. అనే సంస్థ ఉంది. 1947లో ఏర్పడింది. జెనీవా నగరంలో దాని ఆఫీసు ఉంది. బండ్ల మీద వాడే బొమ్మలను ఆ సంస్థ ఖాయం చేసింది. ఏ భాష వాళ్లయినా చూసి పోల్చుకోవాలని ఈ ఏర్పాటు. తెలుగు చదివే వాళ్లకూ అది మేలే. ట్రాక్టరు మీద తెలుగు అక్షరం కనిపించడం అరుదు కదా.

బొమ్మలు చదవడం

బెల్టు వేయించిన మర్నాడు వాన తుంపర పడింది. చేలోకి పోయే పని లేదు. కోడలు తడిగుడ్డ తీసుకుని బండి రేకంతా తుడిచింది. మట్టి కింద బొమ్మలు కొన్ని బయటపడ్డాయి. అత్త కళ్లద్దాలు పెట్టుకుని వచ్చింది. ఇంటాయన మెట్టు మీద కూర్చున్నాడు.

మొదట కనిపించింది ఒక చిన్న డబ్బా. దానికి పొడుగాటి ముక్కు, ముక్కు చివర ఒక చుక్క.

"ఇది కుట్టు మిషనుకు నూనె పోసే డబ్బా కదూ?" అంది అత్త.

సరిగ్గా అదే. అది ఇంజను ఆయిలు దీపం. ఇంజను తిరిగేటప్పుడు ఆయిలు ఒత్తిడితో అన్ని భాగాలకూ పోవాలి. పోకపోతే ఈ దీపం వెలుగుతుంది. తాళం పెట్టి తిప్పగానే, ఇంజను మొదలు కాకముందు, ఇది వెలగాలి. ఇంజను మొదలైన కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. ఇంజను తిరుగుతుండగా వెలిగితే ఆ సాలు పూర్తి చేద్దాం అనుకోకూడదు. అప్పటికప్పుడు ఇంజను ఆపాలి. తాళం తిప్పినప్పుడు అసలు వెలగనే లేదంటే అది కూడా మంచిది కాదు. బల్బు పోయి ఉండవచ్చు. బల్బు పోయిన దీపం ఆపద వచ్చినా చెప్పలేదు. కొన్ని బండ్లలో దీపానికి బదులు ముల్లు ఉంటుంది. ఇంజను మొదలైతే ముల్లు పైకి లేవాలి.

రెండో బొమ్మ ఒక పెట్టె. పెట్టె మీద రెండు కొమ్ములు. లోపల ఒక కూడిక గుర్తు, ఒక తీసివేత గుర్తు. లెక్కల్లో నేర్చుకున్నవే. అది బ్యాటరీ. ఆ రోజు చేలో వెలిగిన ఎర్రదీపం ఇదే. ఇది వెలిగితే బ్యాటరీకి కరెంటు ఎక్కడం లేదని అర్థం. ఎందుకు ఎక్కడం లేదు? చాలా బండ్లలో కరెంటు పుట్టించే డైనమో, నీళ్లు తిప్పే పంపు, గాలి విసిరే ఫ్యాను ఈ మూడింటినీ ఒకే బెల్టు తిప్పుతుంది. బెల్టు తెగితే మూడూ ఆగుతాయి. ముందు బ్యాటరీ దీపం వెలుగుతుంది. తర్వాత నీళ్లు మరుగుతాయి. కోడలు తాళం తీసినప్పుడు దీపం ఆరింది కానీ ఆపద పోలేదు. ఆపద చెప్పే నోరు మూతబడింది, అంతే.

మూడోది జ్వరం చూసే గొట్టం లాంటి బొమ్మ. కింద నీటి అలలు. అది ఇంజను వేడి. ముల్లు పచ్చ రంగులో ఉంటే సరి. ఎరుపులోకి పోతే పని ఆపాలి. నీళ్ల మూత వెంటనే తీయకూడదు. లోపలి నీళ్లు ఆవిరితో ఎగిరి ముఖం మీద పడతాయి. చల్లారేదాకా ఆగాలి. మసిలే ఇంజనులో చల్లనీళ్లు పోయకూడదు. పోస్తే ఇనుము పగులుతుంది.

కొన్ని మీటర్ల మీద బొమ్మలు ఉండవు. ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఆ భాష రాకపోయినా ఈ నాలుగు అక్షరాలు గుర్తు పెట్టుకోవచ్చు. నెలవంకలా వంగి ఉండేది సి. అంటే చల్లన. రెండు నిలువు గీతల మధ్య నిచ్చెన మెట్టులా ఒక అడ్డగీత ఉండేది హెచ్. అంటే వేడి. మూడు పళ్ల దువ్వెనలా ఉండేది ఇ. అంటే డీజిలు ఖాళీ. అదే దువ్వెనకు కింది పన్ను విరిగితే ఎఫ్. అంటే నిండుగా ఉంది. డీజిలు పూర్తిగా అయిపోయేదాకా బండి నడపకూడదు. గొట్టాల్లోకి గాలి చేరుతుంది. తర్వాత డీజిలు పోసినా ఊరికే అందుకోదు. గాలి తీయించాలి.

అత్తకు బాగా నచ్చినవి తాబేలు, కుందేలు. చేతితో జరిపే ఒక కమ్మీ ఉంది. ఒక చివర తాబేలు, ఇంకో చివర కుందేలు. చిన్నప్పుడు విన్న కథలోవే. తాబేలు వైపు జరిపితే ఇంజను మెల్లగా తిరుగుతుంది. కుందేలు వైపు జరిపితే వేగంగా తిరుగుతుంది. ఇంజను ఆపే ముందు కమ్మీని తాబేలు దగ్గరికి తేవాలి.

బూర బొమ్మ హారను. రెండు బాణాలు మలుపు దీపాలు. సగం చంద్రుడి పక్కన తిన్నని గీతలుంటే దూరం లైటు, గీతలు కిందికి వాలి ఉంటే డిప్పు. స్ప్రింగు చుట్ట లాంటి బొమ్మ చలి దేశాల్లో ఎక్కువ పనికొస్తుంది. ఇంజనును ముందుగా వెచ్చబెట్టడానికి దాన్ని పెట్టారు. మన ఎండలకు దాని అవసరం పెద్దగా రాదు.

ఎర్ర ముక్కోణం మాత్రం మనకు చాలా అవసరం. అది నొక్కితే మలుపు దీపాలన్నీ కలిసి ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. మిరప టిక్కీలు వేసుకుని రాత్రిపూట గుంటూరు యార్డుకు పోయే ట్రక్కులు ఎన్నో. టైరు పేలి హైవే పక్కన ఆగినప్పుడు వెనక వచ్చే లారీకి ఆ చీకట్లో ట్రక్కు కనపడదు. ఈ మీట పని చేస్తుందా, ట్రక్కు వెనక దీపానికి వైరు తగిలించారా అన్నది ఇంటి దగ్గరే చూసుకోవాలి. ట్రక్కు మీద పడుకుని పోయేది మన మనుషులే.

అక్షరాలు లేని మీటలు

అన్నీ పోల్చుకున్నాక కూడా మూడు మిగిలాయి. వాటి మీద బొమ్మ లేదు, అక్షరం లేదు. ఏది ఏమిటో ఎట్లా తెలుసుకోవాలి?

ముందు బండిని చదును నేల మీద నిలిపారు. గేరు న్యూట్రల్‌లో పెట్టారు. చేతి బ్రేకు వేశారు. వెనక గొర్రును నేలకు దించారు. పిల్లలను లోపలికి పంపారు. ఇంజను ఆపే ఉంది.

కోడలు రేకు వెనకకు చెయ్యి పోనిచ్చి తడిమి చూసింది. పిడి వెనక గట్టి ఇనుప వైరు ఉంటే అది దేన్నో లాగే పిడి. రంగు తొడుగుల సన్న వైర్లు ఉంటే అది కరెంటు మీట. మూడూ కరెంటు మీటలే. అప్పుడు తాళం పెట్టి తిప్పారు. ఇంజను మాత్రం స్టార్టు చేయలేదు. కోడలు ఒక్కొక్క మీట వేస్తోంది. అత్త బండి చుట్టూ తిరిగి చూస్తోంది. ఒకటి వేసి, చూసి, ఆపి, తర్వాత ఇంకొకటి. రెండు కలిపి వేస్తే ఏది దేనిదో తెలియదు.

మొదటి మీటకు అత్త వెనక నుంచి అరిచింది. "ఎనక దీపం ఎలిగింది!" అది రాత్రి దున్నకానికి వాడే వెనక లైటు. రెండో మీటకు ఏమీ కాలేదు. ఇంటాయన పీజు పెట్టె తెరిచి చూశాడు. పీజు కాలిపోయి ఉంది. కొత్తది వేస్తే ముందున్న చిన్న దీపాలు వెలిగాయి. పీజుకు బదులు ఏదో ఒక తీగ ముక్క చుట్టకూడదు. అది తట్టుకుని నిలబడితే వైర్లు కాలతాయి.

మూడో మీటకు కూడా ఏమీ కాలేదు. పీజు బాగానే ఉంది. వైరు వెంట పోతే సీటు కింద రెండు కొసలు ఊరికే వేలాడుతున్నాయి. పై తొడుగు లేదు. పాత యజమాని టేపురికార్డరు పెట్టించుకున్నాడట. బండి అమ్మేటప్పుడు టేపురికార్డరు తీసుకుపోయాడు, వైర్లు వదిలేశాడు. ఆ మీట వేసి ఉండగా కొసలు రేకుకు తగిలితే నిప్పు రేగేది. బ్యాటరీ వైరు ఊడదీసి, కొసలకు విడివిడిగా టేపు చుట్టించారు. సెకండ్‌హ్యాండ్ బండి కొన్నప్పుడు ఇలాంటివి తప్పకుండా ఉంటాయి. బండి కంపెనీ పుస్తకంలో ఇవి ఉండవు.

వెనక తిరిగే ఇరుసు

ఇంకొక కమ్మీ సీటు పక్కన ఉంది. దాని మీద పళ్లున్న ఇరుసు బొమ్మ. అదే పీటీవో. పంపు, మందు కొట్టే మిషను దీనితోనే తిరుగుతాయి. నిమిషానికి 540 చుట్లు తిరిగేలా చాలా ట్రాక్టర్లలో దీన్ని చేశారు. అంటే ఒక్క సెకనుకు 9 చుట్లు. పమిట కొస గానీ జడ గానీ అందులో చిక్కితే మనిషి చెయ్యి అడ్డం పెట్టే లోపే చుట్టేస్తుంది. ఇరుసు మీద తొడుగు లేకుండా పని చేయకూడదు. తిరిగే ఇరుసును దాటకూడదు. బండి ఆపాలని పరుగెత్తేటప్పుడు కూడా వెనక నుంచి రాకూడదు. పమిట నడుముకు దోపుకుని, ముందు పక్క నుంచి తిరిగి వచ్చి మెట్టు ఎక్కాలి. ఆ రోజు కోడలు గట్టు మీద నుంచి వచ్చింది కాబట్టి సరిపోయింది.

చివరికి స్టాపు పిడి దగ్గరికి వచ్చారు. ఇంటాయన ఇంజను స్టార్టు చేసి, తాబేలు దగ్గర పెట్టి దిగాడు. కోడలు ఎక్కి పిడి లాగింది. ఆగింది. లోపలికి నెట్టింది. మళ్లీ స్టార్టు చేశారు. ఈసారి అత్త ఎక్కింది. పిడి బిగుసుగా ఉంది. రెండు చేతులతో లాగింది. సగంలో వదిలేసింది. ఇంజను మళ్లీ పుంజుకుంది. "ఆగిందాకా వదలకు" అంది కోడలు. రెండోసారి ఆగింది. పిడి అంత బిగుసుగా ఉండకూడదని వైరుకు ఆయిలు పోయించారు. వైరు తెగితే ఏం చేయాలో మెకానిక్కును అడిగారు. డీజిలు పంపు పక్కనే వైరు తగిలించిన చిన్న కమ్మీ ఉంది. దాన్ని చేత్తో నెట్టినా ఇంజను ఆగుతుందని అతను చూపించాడు.

సాయంత్రం కోడలు ఎర్ర రంగు, చిన్న కుంచె తెచ్చింది. రాత్రి బడిలో పలక మీద రాసినంత పెద్ద అక్షరాలు రాసింది. పిడి పక్కన "ఆపు – లాగి పట్టుకో" అని రాసింది. కింద "మళ్లీ నెట్టు" అని రాసింది. టేపురికార్డరు మీట దగ్గర "వేయకు" అని రాసింది. వెనక లైటు దగ్గర రాయడానికి చోటు చాలక "వె" అని ఊరుకుంది.

చదివి చెప్పండి

ఆయిలు దీపం ఎప్పుడు వెలగాలి? ఎప్పుడు ఆరాలి? బ్యాటరీ దీపం వెలిగిన కాసేపటికి నీళ్లు ఎందుకు మరుగుతాయి? మీ ఇంట్లో గానీ, మీరు కూలికి పోయే చేలో గానీ ట్రాక్టరు ఉందా? దాన్ని ఎట్లా ఆపాలో నడిపే మనిషిని అడగండి. ఒకసారి మీ చేత్తో ఆపి చూడండి. తర్వాత ఈ మాటలు మీ నోటు పుస్తకంలో రాయండి: తాళం, పిడి, ముల్లు, దీపం, బెల్టు, బ్యాటరీ, తాబేలు, కుందేలు, ఆపు.